తల్లి వైపు నుంచి వచ్చిన దేశం

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని పడుకున్నాను. డాక్టరమ్మాయి చిన్న అద్దం పెట్టి చూసి, పైన ఎడమ పక్క కోరపన్ను అంచు అరిగిపోతోందనీ, నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నట్టుందనీ, ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా అనీ అడిగింది. నోట్లో సామాన్లు ఉండగా జవాబు చెప్పడం కుదరదు కాబట్టి ఊరుకున్నాను. చెప్పారు. నాలుగేళ్ల కిందట, ఇక్కడ న్యూజీలాండ్‌లో మా జాన్సన్‌విల్ లైబ్రరీలో, ఒక సంతకం కోసం నా దగ్గరికి వచ్చిన పెద్దావిడ చెప్పింది. నేను మర్యాదకి నవ్వితే, ఆ నవ్వులో చూసి చెప్పింది.

ఆవిడ పోయి ఏడాది కావొస్తోంది. పోయిన సంగతి నాకు పన్నెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. తెలియజెయ్యడానికి ఆవిడ తరఫున ఎవరూ లేరు. ఆవిడ ఇంటి కింది ఫ్లాట్‌లో ఉండే ఒకతను లైబ్రరీ కౌంటర్ దగ్గర చిన్న చీటీ వదిలి వెళ్ళాడు. చీటీ మీద నా పేరు లేదు. ‘శనివారాలు కూర్చునే ఇండియన్ లేడీకి’ అని ఉంది. ఆవిడ నా గురించి అతనికి ఆపాటైనా చెప్పిందన్నమాట అనుకున్నాను.

నేను జేపీని. జస్టిస్ ఆఫ్ ద పీస్ అన్న ఈ పెద్ద పేరు వెనక ఉన్నది చాలా చిన్న పని. మన దగ్గర సర్టిఫికెట్ల కాపీల మీద గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకుంటాం చూడండి, అదీ. జీతం లేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తూ గడిపే నాకు శనివారం పొద్దున రెండు గంటలు ఈ పని. లైబ్రరీలో పిల్లల పుస్తకాల పక్కన ఒక మడత బల్ల వేస్తారు. వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. వీసా కాగితాలు, డిగ్రీ పట్టాలు, పెళ్ళి సర్టిఫికెట్లు. తెలుగుదాన్నని తెలిశాక ఆంటీ అని పిలిచే కుర్రకారు, మాది బాపట్ల వైపంటే ఏ ఊరండీ అని ఆరా తీసే పెద్దవాళ్ళు.

ఆవిడ వచ్చిన మొదటి శనివారం నాకు బాగా గుర్తుంది. పొట్టి మనిషి. తెల్లటి జుట్టు చెవుల కిందకి సమంగా కత్తిరించి ఉంది. ఎండగా ఉన్నా రెయిన్‌కోటు వేసుకుంది. చంకలో ఆకుపచ్చ అట్ట ఫోల్డరు. నా ముందు కూర్చుని నా కళ్ళలోకి కాకుండా నోటివైపు చూస్తూ గుడ్ మార్నింగ్ అంది. నాకేదో అంటుకుందేమోనని పెదాలు తుడుచుకున్నాను.

ఫోల్డరులోంచి ఒక అసలు కాగితం, దాని కాపీ బయటికి తీసింది. కాపీ నా చేతికిచ్చింది కానీ అసలు ఇవ్వలేదు. ఒక మూల రెండు వేళ్ళతో పట్టుకునే ఉంది. రెండో మూల నేను పట్టుకున్నాను. అలా చెరో మూలా పట్టుకుని ఉండగానే నేను పోల్చి చూసుకోవలసి వచ్చింది. వెనక పక్క కూడా చూడాలంటే తనే తిప్పి చూపించింది. అది వాళ్ళమ్మ పెళ్ళి సర్టిఫికెట్.

సంతకం పెట్టబోతుంటే ఆపింది. ఇందులో రాసినదంతా నిజమని సంతకం పెడుతున్నావా అని అడిగింది. ఆవిడ మాట్లాడేదంతా ఇంగ్లీషే, నేనిక్కడ తెలుగులో చెబుతున్నాను. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే ‘యూ’ అయినా, నా మనసులో మాత్రం ఆవిడ మొదటినుంచీ మీరు, నేను నువ్వు.

“కాదండీ. ఈ కాపీ ఆ అసలు కాగితంలాగే ఉందని మాత్రమే.”

“అంటే అసలులో అబద్ధం రాసి ఉంటే, కాపీలో కూడా అదే అబద్ధం ఉందని సంతకం పెడతావు.”

“అంతేనండీ.”

“మంచిది. నీ పని ఎంతవరకో నీకు తెలుసు,” అని ఆవిడ నా పెన్ను నాకు దగ్గరగా జరిపింది. నేను నవ్వాను. అప్పుడే చెప్పింది, నా పన్ను సంగతి. చెప్పి లేచి వెళ్ళిపోయింది.

తర్వాత తెలిసింది, ఆవిడ నలభై ఏళ్ళు బళ్ళలో డెంటల్ నర్సుగా పనిచేసిందని. ఇక్కడ ఒకప్పుడు ప్రతి బడి ఆవరణలోనూ పళ్ళు చూసే చిన్న గది ఉండేదట. పిల్లలు దానికి ‘మర్డర్ హౌస్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ గదిలో తెల్ల గౌను, ఎర్ర స్వెట్టరు వేసుకుని ఒక్కత్తే ఉండేది. భయపడి ఏడ్చే పిల్లలకి దూదిచుట్టతో తేనెటీగ బొమ్మ చేసి ఇచ్చేదట. సూపర్‌మార్కెట్‌లో తనని చూడగానే యాభై ఏళ్ళ మగవాళ్ళు ఇప్పటికీ నోరు మూసేసుకుంటారని నవ్వకుండా చెప్పేది. ఎవరి పేర్లూ గుర్తుండేవి కావు. “అదుగో, ఆ నీలం చొక్కా. కింద ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. అతని తండ్రికీ అంతే,” అనేది. ఈ ఊళ్ళో సగం మంది నోళ్ళు తెలిసిన మనిషి, కానీ ఎవరింటికీ రాకపోకల్లేవు. పెళ్ళి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్ళు లేరు.

ఒక్కో శనివారం ఒక్కో కాగితం తెచ్చేది. అన్నీ ఒకేసారి తెస్తే ఒక్క పూటలో అయిపోతుందని నేను చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. రెండో నెలలో గాని నాకర్థం కాలేదు, ఒక్క పూటలో అయిపోవడం ఆవిడకి అక్కర్లేదని.

ఆ కాగితాలు దేనికో ఆవిడ ఒకేసారి చెప్పలేదు. నేను అడగలేదు. కాగితాల్లో ఏముందో మేం అడక్కూడదు. కానీ చెరో మూలా పట్టుకుని చూస్తున్నప్పుడు ఆవిడే కాస్త కాస్త చెబుతూ వచ్చింది. వాళ్ళమ్మది జర్మనీలో లైప్‌జిగ్. యూదుల పిల్ల. నాజీల రోజుల్లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఇక్కడి పామర్‌స్టన్ నార్త్‌లో ఒక ఇంట్లో పనిమనిషిగా చేరడానికి అనుమతి దొరికి ఒక్కత్తే ఓడెక్కి వచ్చింది. తల్లీ తండ్రీ తర్వాత వస్తామన్నారు. రాలేదు. యుద్ధం మధ్యలో, దేశం విడిచి వెళ్ళిన యూదులెవరూ ఇక జర్మన్లు కారని అక్కడి ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో అందరి పౌరసత్వమూ తీసేసింది.

ఆ పోయినదాన్ని వాళ్ళ సంతానానికి తిరిగి ఇచ్చే పద్ధతి ఒకటి అక్కడ ఉంది. ఆవిడ తయారుచేస్తున్నది ఆ దరఖాస్తు.

వాళ్ళమ్మ గురించి చెప్పేటప్పుడు ఆవిడ చిన్న చిన్న విషయాలే చెప్పేది. అమ్మ క్యూలో నిలబడేది కాదు. మాంసం కొట్టు ముందు నలుగురు వరసగా ఉంటే వెనక్కి తిరిగి వచ్చేసేది, ఆ రోజు ఇంట్లో గుడ్లు. పోలీస్ స్టేషన్ ఉన్న వీధిలో ఎప్పుడూ అవతలి వైపు నడిచేది. కూతురికి ఆ రోజుల్లో ఇక్కడ అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న పేరే వెతికి పెట్టింది. “మా క్లాసులో ఆ పేరు నలుగురికి ఉండేది. టీచరు పిలిస్తే నలుగురం లేచేవాళ్ళం. అమ్మకి కావలసింది అదే,” అంది ఆవిడ. జర్మన్ ఒక్క మాట కూడా ఇంట్లో వినపడలేదు. ఎప్పుడైనా అడిగితే మర్చిపోయానని చెప్పేదట.

ఒక శనివారం వాన కురుస్తోంది, బల్ల దగ్గర ఎవరూ లేరు. ఆవిడ ఒక పాత ఉత్తరం తెచ్చింది. దానికి సంతకం అక్కర్లేదు, చదవమంది. అమ్మ పోయాక, తనకి నలభై దాటిన రోజుల్లో, ఇదే దరఖాస్తు ఒకసారి పెట్టుకుందట. దానికి వచ్చిన జవాబు అది. చాలా మర్యాదగా రాశారు. అప్పటి చట్టం ప్రకారం, ఆమె పుట్టిన కాలంలో పౌరసత్వం తండ్రి నుంచి వచ్చేది. తండ్రి న్యూజీలాండ్ మనిషి కాబట్టి, తల్లి వైపు నుంచి ఆమెకి రావలసింది ఏమీ లేదు. విచారిస్తున్నాము.

నేను చదివి తిరిగిచ్చాను. ఆవిడ దాన్ని మడతల ప్రకారం మళ్ళీ మడిచింది.

“మా అమ్మని కాగితాల్లోంచి రెండుసార్లు కొట్టేశారు,” అంది. “ఒకసారి యూదురాలని. ఇంకోసారి ఆడదని.”

ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టి ముప్ఫై ఏళ్ళకు పైగా ఊరుకుంది. కొన్నేళ్ల కిందట అక్కడ చట్టం మార్చి, తల్లి వైపు వాళ్ళకీ ఇస్తామన్నారు. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ రేడియోలో విందట. చేతిలో దుంప అలాగే పెట్టి వెళ్ళి సొరుగు తెరిచింది.

అన్నీ సమకూరాయి గానీ ఒక్కటి దొరకలేదు. అమ్మ జర్మనీ దేశస్థురాలని చూపే కాగితం. వచ్చినప్పటి పాస్‌పోర్టు ఏమైందో తెలియదు. ఆర్కైవ్స్‌కి రాసింది, అమ్మ పనిచేసిన కుటుంబం వాళ్ళ మనవల్ని వెతికింది, ఏమీ తేలలేదు. ఆ రోజుల్లో కాగితం లేకుండానే వచ్చి కూర్చునేది. కూర్చోవచ్చా అని అడిగేది కూడా కాదు. పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని బల్ల పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ నోళ్ళు చూస్తూ ఉండేది. నా దగ్గర సంతకానికి వచ్చిన మన కుర్రవాళ్ళు ఆవిణ్ణి కూడా జేపీ అనుకుని నమస్తే ఆంటీ అనేవారు.

ఆ కాగితం చివరికి అమ్మ కుట్టుమిషనులో దొరికింది. ఎవరూ వాడటం లేదని మిషనుని పాత సామాన్లు అమ్మే ఆప్ షాపుకి ఇచ్చేద్దామనుకుని, సొరుగులు పూర్తిగా బయటికి లాగితే అడుగు చెక్కకి ఆనుకుని ఉందట. తెచ్చిన రోజున ఆవిడ మూల పట్టుకోలేదు. నా చేతిలో పెట్టేసింది.

నాలుగు మడతల అట్ట కాగితం. యుద్ధం రోజుల్లో ఇక్కడి పోలీసులు ఇచ్చినది. పరాయి దేశస్థులు, అందులోనూ శత్రుదేశం వాళ్ళు, పేరు నమోదు చేయించుకుని దగ్గర పెట్టుకోవలసిన కార్డు. ఊరు దాటాలంటే దీని మీద ముద్ర వేయించుకోవాలి. రేడియో ఉండకూడదు, కెమెరా ఉండకూడదు. జాతీయత అన్న గడిలో ‘జర్మన్’ అని టైపు చేసి ఉంది. తర్వాతెప్పుడో దాన్ని సిరాతో కొట్టేసి పైన చేత్తో ‘ఏ దేశమూ లేదు’ అని రాశారు. పక్కన ఫొటో. వేలిముద్ర.

యూదురాలివి, జర్మన్‌వి కావని అక్కడ తరిమేస్తే, జర్మన్‌వి, శత్రువువి అని ఇక్కడ రాసుకున్నారు. ఆ రాసుకున్న కాగితమే ఇప్పుడు ఆమె జర్మన్ అనడానికి సాక్ష్యం. ఆవిడ ఇదంతా విడమరిచి చెప్పలేదు. నాకు చదవడానికి సమయం ఇచ్చింది.

తర్వాత ఒక సంగతి చెప్పింది. ఒక క్రిస్మస్‌కి అమ్మ పనిచేసే కుటుంబం ఫాక్స్‌టన్ సముద్రపు ఒడ్డుకి వెళ్ళింది. అమ్మని కూడా తీసుకెళ్దామనుకున్నారు గానీ పోలీసుల ముద్ర సమయానికి రాలేదు. రెండు వారాలు ఆ పెద్ద ఇంట్లో అమ్మ ఒక్కత్తే ఉంది. ఆ రెండు వారాలూ ఏం చేశావమ్మా అని చిన్నప్పుడు తను అడిగితే, కిటికీలు తుడిచాను అందట. ఇల్లంతా కిటికీలు, అన్నీ తుడిచాను, అయిపోయాక మళ్ళీ మొదటినుంచీ తుడిచాను అందట. ముద్ర సంగతి మాత్రం చెప్పలేదు. అది ఇప్పుడు ఈ కార్డు చూశాకే తెలిసింది. ఆ డిసెంబరు గడి ఖాళీగా ఉంది.

కాపీ మీద స్టాంపు వెయ్యడానికి తీశాను. నా వెనక పిల్లలు కథ వింటున్నారు, ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“మొహం మీద వెయ్యకు.”

వెయ్యనండీ అన్నాను. మామూలుగా ఫొటో అంచు తగిలేలా వేస్తాం. ఆ రోజు కాగితం అడుగున, అన్నిటికీ దూరంగా వేశాను. ఫొటోలోని అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. ఆ వయసులో అమ్మని ఆవిడ అదే మొదటిసారి చూడటం. కార్డు మడిచి లోపల పెట్టుకోకుండా చాలాసేపు అలాగే కూర్చుంది. పన్నెండు దాటినా నేను బల్ల మడవలేదు.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆయన, “ఎనభై దగ్గర పడ్డాక ఇప్పుడు ఇంకో పాస్‌పోర్టు దేనికే ఆవిడకి? యూరప్‌లో సెటిల్ అవుతుందా ఏంటి?” అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. మా అమ్మాయి ఇంగ్లీషులో, ఆవిడకి పిల్లలు లేరు కదమ్మా, ఎవరికి పనికొస్తుంది అంది.

అందుకే, అడక్కూడదనుకుంటూనే ఒకసారి అడిగాను. అది ఏప్రిల్ నెల. ఆవిడ ఫ్లాట్ వెనక ఫిజోవా అనే జామలాంటి పళ్ళ చెట్టు ఉంది. కాయలు రాలి పాడైపోతున్నాయి, వచ్చి ఏరుకుపొమ్మంది. ఆవిడ ఇంటికి నేను వెళ్ళింది ఆ ఒక్కసారే. కొండవాలు మీద రెండు గదుల ఇల్లు. గోడల మీద ఒక్క ఫొటో లేదు. బల్ల దగ్గర రెండు కుర్చీలు ఉన్నాయి గానీ రెండోదాని మీద పాత పేపర్లు మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. నా కోసం వాటిని దింపి నేల మీద పెట్టింది. చేతులు దులుపుకుంటూ, ఈ కుర్చీ రంగు ఇదని మర్చిపోయాను అంది. ముందటి వారం ఆవిడ తెచ్చిన కాయలతో నేను చేసిచ్చిన ఫిజోవా పచ్చడి టోస్టు మీద వెన్నలా రాసుకుని తింటోంది. కారం ఎక్కువై కళ్ళు తుడుచుకుంటూ బావుంది, బావుంది అంటోంది.

ఆ పౌరసత్వం వస్తే ఏం చేసుకుంటారని అడిగాను.

ఏమీ చేసుకోనంది. అక్కడికి వెళ్ళే ఉద్దేశం లేదు, ఆ భాష రాదు, వెనక ఎవరూ లేరు. ఆగి, “ఏమీ చేసుకోకుండా ఉండటానికైనా ముందు నా దగ్గర ఉండాలి కదా,” అంది.

తర్వాత నన్ను అడిగింది. నీది ఇండియా పాస్‌పోర్టేనా అని. కాదన్నాను. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నప్పుడు అది వదులుకోవాలి, మా దేశం రెండు ఉండనివ్వదు. కౌన్సిల్ హాల్లో ప్రమాణం చేయించి, ఒక చిన్న మొక్క ఇచ్చి పంపించారు. పాత పాస్‌పోర్టు కవర్లో పెట్టి పోస్టు చేస్తే, మూల కత్తిరించి, రద్దు అని ముద్ర వేసి తిరిగి పంపారు. చెబుతుంటే నా గొంతు మామూలుగానే ఉందనుకుంటున్నాను.

“ఎవరు తీసుకున్నారు నీ దగ్గర్నుంచి?”

“ఎవరూ తీసుకోలేదండీ. నేనే ఇచ్చాను.”

ఆవిడ తలూపింది. నువ్వే ఇచ్చావు, అని తనలో తనే అనుకున్నట్టు అంది. ఇచ్చిన రోజు ఏడ్చావా అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మా ఆయన ఆ సాయంత్రం పిజ్జా ఆర్డర్ చేశాడు, స్నేహితులు వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మలు పెట్టారు. పోస్టాఫీసు నుంచి వచ్చి కారులో కూర్చున్నాక ఇంజను స్టార్ట్ చెయ్యకుండా ఎంతసేపు ఉండిపోయానో ఆవిడకి చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. ఇంకొంచెం టీ పోసింది. వెళ్ళేటప్పుడు రెండు సంచుల కాయలు నా కారు దాకా తనే మోసింది.

దరఖాస్తు వెళ్ళాక రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆవిడ శనివారాలు మానలేదు. వచ్చి, ఏమీ రాలేదు అని చెప్పి, పిల్లల కుర్చీలో కూర్చునేది. టిష్యూ కాగితం మెలితిప్పి తేనెటీగలు చేసి బల్ల మీద వదిలేది. చలికాలం దగ్గేది. మధ్యలో మూడు వారాలు రాకపోతే నాకు కంగారు పుట్టింది. ఫోన్ నంబరు అడిగి తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో వారం చేతికర్రతో వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నానంది. ఎవరైనా వచ్చి చూశారా అని అడిగితే, నర్సు మంచి పిల్ల, పై పళ్ళ వరస చక్కగా ఉంది అని చెప్పింది.

ఉత్తరం వచ్చిందని చెప్పిన రోజు కూడా ఆవిడ గొంతులో మార్పు లేదు. థార్న్‌డన్‌లో జర్మన్ రాయబార కార్యాలయానికి వెళ్ళి చేత్తో తీసుకోవాలట. ఎవరినైనా తోడు తెచ్చుకోవచ్చని రాశారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను.

అక్కడ ఒక చిన్న గదిలో ముప్ఫై ఏళ్ళ ఉద్యోగిని మమ్మల్ని కూర్చోబెట్టింది. బల్ల మీద పూలు పెట్టారు. ఆ అమ్మాయి లేచి నిలబడి, మీ కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని ఇది సరిచెయ్యలేదు, కానీ మీరు దీన్ని అడిగినందుకు మేము కృతజ్ఞులం అని చెప్పింది. నేర్చుకుని చెప్పిన మాటే అయినా గబగబా అప్పజెప్పలేదు. మందపాటి కాగితం ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసింది. తిప్పి వెనక చూసింది. మళ్ళీ ముందు చూసింది.

“మా అమ్మ పేరు ఏదీ?”

ఆ అమ్మాయి తడబడింది. సర్టిఫికెట్‌లో ఎవరికిస్తున్నామో వాళ్ళ పేరు మాత్రమే ఉంటుందని మెల్లగా చెప్పింది. ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. వాళ్ళమ్మ ఏరికోరి పెట్టిన, నలుగురికి ఉన్న ఆ పేరొక్కటే ఉంది దాని మీద. నేను బల్ల మీది పూలవైపు చూశాను.

తర్వాత ఆవిడ ఫోల్డరు విప్పి, లైప్‌జిగ్ నుంచి తెప్పించుకున్న అమ్మ పుట్టుక నమోదు కాపీ తీసింది. దాని మీద నేను సంతకం పెట్టాను గానీ నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. పాతకాలపు గొలుసుకట్టు రాత. ఆవిడకీ చదవడం రాదు. దాన్ని ఆ అమ్మాయి ముందుకి జరిపి, “చదువు,” అంది.

ఆ అమ్మాయి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పక్క మార్జిన్‌లో ఇంకో రాత ఉంది, అక్కడ ఆగింది. అదేమిటని ఆవిడ అడిగింది. నాజీల కాలంలో యూదు స్త్రీలందరి పేర్లకీ సారా అని తగిలించారు, ఎవరు యూదులో కాగితం మీదే తెలిసిపోవడానికి, అని ఆ అమ్మాయి నేలవైపు చూస్తూ చెప్పింది. దాని కింద ఇంకో వరస, యుద్ధం తర్వాత రాసినది. పైది చెల్లదని.

“అది చదవకు. పేరు మాత్రం చదువు.”

“ఇల్జ,” అని చదివింది ఆ అమ్మాయి. వెనక ఇంటిపేరు కూడా. ఇంటిపేరు నేనిక్కడ రాయను.

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. వాళ్ళమ్మని ఇక్కడ అందరూ ఎల్సీ అనేవారట. పనికి చేరిన మొదటి రోజే ఆ ఇంటావిడ పలకడం కష్టమని మార్చేసింది. కాగితాల మీద ఉన్న అసలు పేరుని ఈవిడ ఇంగ్లీషు పద్ధతిలో ఇల్స్ అనుకుంటూ వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, తల్లి పేరు ఎలా పలకాలో ఆవిడ అదే మొదటిసారి వినడం.

“మళ్ళీ అను.”

ఆ అమ్మాయి అంది.

“ఇంకోసారి.”

మూడోసారి ఆ అమ్మాయి కాగితం మీంచి కళ్ళెత్తి, ఆవిణ్ణి చూస్తూ అంది. ఆవిడ థాంక్యూ చెప్పి కాగితాలన్నీ సర్దుకుంది. కొత్త సర్టిఫికెట్‌ని కూడా మిగతా వాటి మధ్యలో, ఏ ప్రత్యేకతా లేకుండా పెట్టింది.

బయట గాలి విపరీతంగా ఉంది. చెయ్యి పట్టుకోనిచ్చింది. స్టేషన్ దాకా నడిచి జాన్సన్‌విల్ రైలెక్కాం. మధ్యాహ్నం వేళ, పెట్టెలో జనం పలచగా ఉన్నారు. ఆవిడ కిటికీ పక్కన, ఫోల్డరు ఒళ్ళో పెట్టుకుని. ఏమైనా తిందామా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. సంతోషంగా ఉందా అని అడగాలనిపించింది గానీ అడగలేదు.

ఆ దారిలో ఏడు సొరంగాలు వస్తాయి. మొదటిదాంట్లోకి వెళ్ళగానే కిటికీలు నల్లబడి చప్పుడు పెరిగింది. ఆ చప్పుడులో పక్కనుంచి చిన్నగా వినిపించింది.

“ఇల్జ.”

సొరంగం దాటి వెలుగు రాగానే ఆగిపోయింది. ఎదురుగా గడ్డి కొండలు, ఇళ్ళ పెరళ్ళు. నేను వినలేదన్నట్టు ఫోన్ చూసుకున్నాను. రెండో సొరంగంలో మళ్ళీ అంది, ఈసారి రెండుసార్లు. వెలుగులో మౌనం. అలా ప్రతి చీకటిలోనూ, చప్పుడు చాటున, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

ఆఖరి సొరంగంలో నేనూ అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. “అలా కాదు. చివర్లో అంత నొక్కకు. ఇల్జ,” అంది. నేను మళ్ళీ అన్నాను. ఇంకా సరిగా రాలేదంది. తనే మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా, విడిగా, గట్టిగా.

రైలు వెలుగులోకి వచ్చేసింది. ముందు సీట్లో ఉన్నతను వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ ఆపలేదు.